భాస్వరికామ్లము – పొలమునకును, ఇంటికిని దాని ఉపయోగములు

భాస్వరికామ్లమను పేరు మన గ్రామములలో అనేకులకు క్రొత్తగా తోచవచ్చును. కాని ఆ పదార్థముతో సంబంధము లేని పొలము గాని, ఇల్లు గాని నేడు లేదనియే చెప్పవలెను. రైతు దుక్కిలో వేయు డి.ఎ.పి. బస్తా ఈ ఆమ్లము నుండి తయారైనదే. పాడి పశువునకు దాణాలో కలిపి పెట్టు ఖనిజ లవణముల మిశ్రమములోను, ఇనుప తలుపుల తుప్పు వదలించు మందులోను, పుచ్చిన పంటికి సిమెంటు పెట్టునపుడు వైద్యుడు వాడు లేపనములోను, పిల్లలు మక్కువతో త్రాగు నల్లని శీతల పానీయములోను ఇది ఏదో ఒక రూపమున ఉన్నది. ఇంతగా మన జీవితమున కలిసిపోయిన వస్తువును గూర్చి కొంత తెలిసికొనుట అవసరము. తెలిసినచో రైతునకు ఖర్చు కలిసివచ్చును. ఇంటిలోని వారికి అపాయము తప్పును. కావున దీని పుట్టుక, తయారీ, ఉపయోగములు, దీనిని వాడునపుడు తీసికొనవలసిన జాగ్రత్తలు ఈ వ్యాసమున తెలుపదలచితిమి.

భాస్వరము అనగానేమి?

భాస్వరమను మాటకు ప్రకాశించునది అని అర్థము. ఇంగ్లీషున దీనికి గల ఫాస్ఫరస్ అను పేరునకు వెలుగును తెచ్చునది అని అర్థము. 1669వ సంవత్సరమున జర్మనీలోని హాంబర్గు నగరమున హెన్నిగ్ బ్రాండ్ అను రసవాది బంగారము చేయవలెనను ఆశతో మూత్రమును మరిగించి, ఇగిర్చి, మిగిలిన దానిని తీవ్రముగా కాల్చి చూచెను. బంగారము రాలేదు గాని చీకటిలో తనంతట తానే మెరయు తెల్లని పదార్థమొకటి లభించెను. అదియే భాస్వరము. తరువాత నూరేండ్లకు స్వీడను దేశపు శాస్త్రజ్ఞులగు గాన్, షీలే అను వారు ఈ పదార్థము జంతువుల ఎముకలలో సమృద్ధిగా గలదని కనుగొనిరి.

శుద్ధమైన తెల్ల భాస్వరము గాలి తగిలినంతనే మండును. అది మిక్కిలి విషము. అందువలన ప్రకృతిలో అది ఒంటరిగా కనిపించదు. ఎల్లప్పుడును ప్రాణవాయువుతోను, సున్నము వంటి పదార్థములతోను కలిసి లవణముల రూపమున ఉండును. భాస్వరమును కాల్చగా వచ్చు తెల్లని పొగను నీటిలో కరగించినచో ఏర్పడునదే భాస్వరికామ్లము. దీనిని వ్యాపారులు ఫాస్ఫారిక్ ఆసిడ్ అందురు. శుద్ధమైనపుడు ఇది రంగు లేని స్ఫటికములుగా నుండి, సుమారు 42 డిగ్రీల సెంటిగ్రేడు వేడిమికి కరగును. అంగడిలో సాధారణముగా దొరకునది నూటికి 85 పాళ్ళు ఆమ్లము, 15 పాళ్ళు నీరు గలది. అది పాకము వలె చిక్కగా నుండును, వాసన లేదు, నీటికంటె ఒకటిన్నర రెట్లకు మించిన బరువు గలది. గంధకికామ్లము వలె బట్టను, చర్మమును వెంటనే మాడ్చివేయు తీవ్రత దీనికి లేదు. అయినను ఆమ్లము ఆమ్లమే యని మరువరాదు.

మన దేహములో భాస్వరము లేని కణము ఒక్కటియు లేదు. పెరిగిన మనుష్యుని దేహమున సుమారు 700 గ్రాముల భాస్వరముండును. అందు నూటికి 85 పాళ్ళు ఎముకలలోను, పండ్లలోను సున్నముతో కలిసి యుండి వానికి గట్టిదనము నిచ్చుచున్నది. తక్కినది కండరములకు శక్తి నందించుటకును, తల్లిదండ్రుల పోలికలను బిడ్డలకు చేర్చు జీవపదార్థము ఏర్పడుటకును వినియోగపడుచున్నది. ఈ భాస్వరమంతయు మనకు ధాన్యములు, పప్పులు, పాలు, గ్రుడ్లు, చేపల ద్వారా వచ్చుచున్నది. వానికి భూమి నుండి వచ్చుచున్నది. అనగా నేలలోని భాస్వరమే మన ఎముక యగుచున్నది.

రాతి నుండి ఆమ్లము

పూర్వము ఎముకలను దంచి పొడిచేసి పొలములకు వేసెడివారు. పొడి ఎముక నేలలో కరగుటకు చాలకాలము పట్టును. ఎముకల పొడిపై గంధకికామ్లము పోసినచో భాస్వరము నీటిలో కరగు రూపమునకు వచ్చునని 1840 ప్రాంతమున జర్మను శాస్త్రజ్ఞుడు లీబిగ్ సూచించెను. ఇంగ్లండున రాథంస్టెడ్ అను చోట పొలము గల జాన్ లాస్ ఈ పద్ధతిలో ఎరువును తయారుచేసి 1842లో దానికి పేటెంటు హక్కు పొందెను. ఆ ఎరువే సూపరు ఫాస్ఫేటు. మన దేశమున మొదటి సూపరు ఫాస్ఫేటు కర్మాగారము 1906లో తమిళనాట రాణిపేటలో నెలకొల్పబడెను.

నేడు ఎముకలకు బదులు భాస్వరపు రాతిని వాడుచున్నారు. ఈ రాయి కొన్ని దేశములలో మాత్రమే విస్తారముగా దొరకును. ప్రపంచమునందలి నిల్వలలో అధికభాగము ఆఫ్రికా ఖండపు వాయవ్య మూలనున్న మొరాకో ప్రాంతమున గలదు. మన దేశమున రాజస్థానులోని ఉదయపూరు సమీపమున ఝామర్‌కోట్రాలో 1968లో ఈ రాతి నిల్వలు కనుగొనబడినవి. కాని అవి మన అవసరములకు చాలవు. కావున రాతిని, తయారైన ఆమ్లమును, తయారైన ఎరువును గూడ మొరాకో, జోర్డాను మొదలగు దేశముల నుండి ఓడలలో తెప్పించుకొనుచున్నాము. విశాఖపట్టణమున 1967లో కోరమాండల్ ఎరువుల కర్మాగారము పని ప్రారంభించినది. సముద్రపు రేవునకు చేరువగా నుండుట ఇట్టి కర్మాగారములకు మిక్కిలి అనుకూలము.

ఆమ్లము తయారగు విధము ఇట్లుండును. భాస్వరపు రాతిని మెత్తగా పొడిచేసి పెద్ద తొట్లలో గంధకికామ్లముతో కలిపి కలియబెట్టుదురు. రాతిలోని సున్నము గంధకికామ్లముతో చేరి జిప్సముగా మారును. విడివడిన భాస్వరము ఆమ్లరూపమున ద్రవములో నిలుచును. ఈ మిశ్రమమును వడగట్టి, జిప్సమును వేరుచేసి, ద్రవమును కాచి చిక్కబరతురు. ఎరువులకు వాడు ఆమ్లమంతయు దాదాపు ఈ తీరుననే తయారగుచున్నది. ఆహారపదార్థములకును, ఔషధములకును కావలసిన శుద్ధమైన ఆమ్లమును భాస్వరమును కాల్చి గాని, పై విధమున వచ్చిన ఆమ్లమును మరల శుద్ధిచేసి గాని తయారుచేయుదురు.

ఇందు ఒక చిక్కు గలదు. ఎరువు సంచిపై వ్రాయు లెక్క ప్రకారము ఒక టన్ను భాస్వరమును తీయుటలో సుమారు 5 టన్నుల జిప్సము మిగులును. ఇది కర్మాగారముల వెనుక గుట్టలుగా పేరుకొనును. దీనిలో కొంత భాగము సిమెంటు తయారీకిని, చౌడు నేలలను బాగుచేయుటకును వినియోగపడుచున్నది. వేరుశనగ పూతకు వచ్చి ఊడలు దిగు సమయమున ఎకరమునకు 200 కిలోల జిప్సము వేయవలెనని మన వ్యవసాయ శాస్త్రజ్ఞులు చెప్పుదురు. దానివలన కాయ నిండుగా గట్టిపడును; తాలు కాయలు తగ్గును.

ఆమ్లము ఎరువుగా మారుట

ప్రపంచమున తయారగు భాస్వరికామ్లములో అధికభాగము ఎరువులకే పోవుచున్నది. రైతు సోదరులు వాడు ముఖ్యమైన భాస్వరపు ఎరువులు మూడు విధములుగా ఏర్పడుచున్నవి.

మొదటిది సింగిలు సూపరు ఫాస్ఫేటు. రాతి పొడిపై తగుమాత్రము గంధకికామ్లము పోయగా ఇది తయారగును. ఇందు జిప్సమును వేరు చేయరు. కావున నూటికి 16 పాళ్ళు భాస్వరముతో పాటు 11 పాళ్ళు గంధకమును, కొంత కాల్షియమును గూడ ఉండును.

రెండవది ట్రిపులు సూపరు ఫాస్ఫేటు. రాతి పొడిపై గంధకికామ్లమునకు బదులు భాస్వరికామ్లమునే పోయుదురు. ఇందు భాస్వరము నూటికి 46 పాళ్ళుండును.

మూడవది మనకందరకు పరిచితమైన డై అమ్మోనియం ఫాస్ఫేటు, అనగా డి.ఎ.పి. భాస్వరికామ్లములోనికి అమ్మోనియా వాయువును పంపగా ఆమ్లపు పులుపు విరిగి గట్టి లవణమేర్పడును. దానినే గుళికలుగా చేయుదురు. సంచిపై 18-46 అని వ్రాసియుండును. అనగా 100 కిలోలలో 18 కిలోలు నత్రజని, 46 కిలోలు భాస్వరము అని భావము. ఇచట ఒక సంగతి గుర్తించవలెను. ఎరువుల లెక్కలో భాస్వరమనగా ప్రాణవాయువుతో కలిసిన భాస్వరము. ఆ 46 కిలోలలో అసలు భాస్వరము సుమారు 20 కిలోలు మాత్రమే. అన్ని ఎరువులకు ఇదే కొలమానము గనుక ఒకదానితో మరియొకటి పోల్చుటకు ఇబ్బంది లేదు.

నేలలో భాస్వరపు నడవడి

పైరు మొలకెత్తిన నాటి నుండి భాస్వరము కావలెను. వేరు చక్కగా పారుటకు, పిలకలు వేయుటకు, పూత సకాలమున వచ్చుటకు, గింజ గట్టిపడుటకు ఇది ముఖ్యము. భాస్వరము చాలని వరి పిలకలు వేయక గిడసబారును; ఆకులు మామూలు కంటె ముదురు ఆకుపచ్చగా కనిపించును. మొక్కజొన్న లేత మొక్కలపై ఊదారంగు చారలు తేలును. కోతకు రావలసిన పంట కొన్ని దినములు ఆలస్యమగును.

నత్రజనికిని, భాస్వరమునకును నేలలో నడవడి వేరు. నత్రజని నీటితో పాటు సాగిపోవును. కొంత గాలిలో కలిసిపోవును. అందుచేత దానిని దఫదఫాలుగా వేయుచున్నాము. భాస్వరము అట్లు కదలదు. వేసిన చోటనే నిలిచిపోవును. సున్నము అధికముగా గల నల్లరేగడి నేలలలో అది కాల్షియముతో ముడిపడును. పులుపు గల ఎర్రనేలలలో ఇనుముతోను, అల్యూమినియముతోను ముడిపడును. ఇట్లు ముడిపడిన దానిని వేరు సులభముగా గ్రహించలేదు. కావుననే మనము వేసిన భాస్వరములో మొదటి పంటకు దక్కునది నూటికి 15 నుండి 20 పాళ్ళు మాత్రమే. తక్కినది నేలలో నిల్వయుండును.

దీనినుండి రెండు నియమములు తెలియుచున్నవి. ఒకటి, భాస్వరమంతయు ఆఖరి దుక్కిలోనే వేరునకు అందునట్లు వేయవలెను. పైరు ఎదిగిన పిమ్మట పైపాటుగా చల్లిన డి.ఎ.పి.లోని నత్రజని కొంత పనిచేయును. అది చూచి రైతు తృప్తిపడును గాని అందలి భాస్వరము పైమట్టిలోనే చిక్కుకొని ఆ పంటకు అంతగా ఉపయోగపడదు. ఆ మాత్రపు నత్రజనిని యూరియాతో ఎంతో తక్కువ ఖర్చుతో ఇయ్యవచ్చును.

రెండవది, ఏటేట విడువక భాస్వరము వేయుచున్న పొలములో పాత నిల్వ పెరుగుచుండును. నిరుడు వేసితిమి గనుక ఈ ఏడును అంతే వేయవలెనని అనుకొనుట సరిగాదు. ప్రక్క పొలము వారు రెండు బస్తాలు వేసిరి గనుక మనము మూడు వేయుదమనుట అంతకన్న తప్పు. ఇట్టి పోటీ వలన లాభపడునది పంట కాదు.

అధికమైనచో కీడు

భాస్వరము మితిమీరినచో ధనము వ్యర్థమగుటయే గాక పైరునకు గూడ చెరుపు కలుగును. నేలలో భాస్వరము హెచ్చినపుడు వేరు జింకు ధాతువును చక్కగా తీసికొనలేదు. వరి నాటిన రెండు మూడు వారములకు ఆకులపై తుప్పు వంటి మచ్చలు ఏర్పడి, పైరు ఎదుగుదల లేక నిలిచిపోవుటను అనేక గ్రామములలో చూచుచున్నాము. అది జింకు లోపము. దానిని తెగులనుకొని పురుగుమందులు చల్లుట, పైరు బలహీనముగా నున్నదని మరియొక డి.ఎ.పి. బస్తా వేయుట రోగమును పెంచుటయే యగును. జింకు లోపము గల నేలలలో ఎకరమునకు 20 కిలోల జింకు సల్ఫేటును ఆఖరి దమ్ములో వేయవలెను. దానిని భాస్వరపు ఎరువుతో కలిపి వేయరాదు. రెండింటికిని నడుమ కనీసము మూడు దినముల ఎడముండవలెను. కలిపినచో రెండును ముడిపడి రెండును పైరునకు అందకుండ పోవును.

భూసార పరీక్ష

పొలములో భాస్వరము ఎంత గలదో కంటితో చూచి చెప్పుట ఎవరికిని సాధ్యము కాదు. పరీక్ష చేయించుటయే మార్గము. వేసవిలో ఎరువు వేయకముందు ఎకరమునకు ఎనిమిది, పది చోట్ల వంకరటింకరగా నడచుచు మట్టి తీయవలెను. ఒక్కొక్క చోట పైనున్న చెత్తను తొలగించి, పారతో జానెడు లోతు త్రవ్వి, గోతి ప్రక్కగోడ నుండి పైనుండి క్రిందివరకు సమముగా పలుచని మట్టి పొరను తీసికొనవలెను. గట్ల దగ్గర, చెట్ల నీడన, పెంటకుప్పలు వేసిన చోట్ల తీయరాదు. అన్ని చోట్ల మట్టిని శుభ్రమైన గుడ్డపై కలిపి, నాలుగు భాగములు చేసి ఎదురెదురు భాగములను తీసివేయుచు, చివరకు అరకిలో మిగుల్చుకొనవలెను. దానిని నీడన ఆరబెట్టి, సంచిలో పోసి, రైతు పేరు, సర్వే నెంబరు, వేయదలచిన పంట వ్రాసి వ్యవసాయ శాఖ వారికి అందజేయవలెను.

2015లో కేంద్ర ప్రభుత్వము ప్రారంభించిన భూసార పత్రముల పథకము ఈ ఉద్దేశముతో ఏర్పడినదే. పత్రములో భాస్వరము తక్కువ అని వచ్చినచో సిఫారసు చేసిన మోతాదు కంటె నూటికి 30 పాళ్ళు ఎక్కువగను, మధ్యస్థమని వచ్చినచో సిఫారసు చేసినంతయు, ఎక్కువ అని వచ్చినచో 30 పాళ్ళు తక్కువగను వేయవలెనని శాస్త్రజ్ఞుల సలహా. నిల్వ ఎక్కువగా గల పొలములలో భాస్వరమును కరగించు జీవాణువుల ఎరువును బాగుగ మాగిన పశువుల ఎరువులో కలిపి దుక్కిలో వేసినచో ముడిపడియున్న పాత భాస్వరము కొంత విడివడి పైరునకు అందును. ఇది బ్యాంకులో దాచిన సొమ్మును తీసి వాడుకొనుట వంటిది.

బస్తా లెక్క

డి.ఎ.పి. దొరకలేదని పనులు మాని అంగళ్ళ ముందు వరుసలలో నిలుచు రైతులను ప్రతి ఏరువాకకును చూచుచున్నాము. ఈ చిన్న లెక్క తెలిసినచో అంత తహతహ అక్కరలేదు.

50 కిలోల డి.ఎ.పి. బస్తాలో 9 కిలోల నత్రజని, 23 కిలోల భాస్వరము గలవు. 50 కిలోల సింగిలు సూపరు ఫాస్ఫేటు బస్తాలో 8 కిలోల భాస్వరము గలదు. మూడు బస్తాలకు 24 కిలోలు. దీనికి 20 కిలోల యూరియా చేర్చినచో 9 కిలోల నత్రజనియు సమకూరును. అనగా ఒక డి.ఎ.పి. బస్తాకు మూడు సూపరు బస్తాలు, 20 కిలోల యూరియా సమానము. పైగా ఆ మూడు బస్తాలలో 16 కిలోలకు మించి గంధకము లభించును. డి.ఎ.పి.లో అది లేదు. వేరుశనగ, ఆవాలు, నువ్వులు మొదలగు నూనెగింజలకును, పప్పుధాన్యములకును గంధకము మిక్కిలి మేలుచేయును. మోతబరువు, కూలి ఎక్కువగుట సూపరు ఫాస్ఫేటునకు గల లోపము. రైతు తన ఊరి ధరలతో రెండు లెక్కలను ప్రక్కప్రక్కన వ్రాసికొని, ఏది లాభమో తానే నిర్ణయించుకొనవలెను. సంచి కొనునపుడు కుట్టు సరిగా నున్నదా, తూకము సరియేనా చూచి, తప్పక రసీదు తీసికొనవలెను.

బిందుసేద్యమున

తోటలకు, కూరగాయలకు గొట్టముల ద్వారా చుక్కచుక్కగా నీరిచ్చు పద్ధతి మన ప్రాంతమున 2003 తరువాత బాగుగ వ్యాపించినది. ఉప్పు, సున్నము గల బోరు నీటి వలన ఈ గొట్టముల రంధ్రములు తెల్లని పొరకట్టి మూసికొనిపోవును. ఆ పొరను కరగించుటకు ఆమ్లమును నీటితో పంపుదురు. భాస్వరికామ్లము గూడ ఇందుకు పనికివచ్చును. గొట్టము శుభ్రపడుటయే గాక పైరునకు భాస్వరమును అందును. కాని సున్నము అధికముగా గల నీటిలో ఇది మరల సున్నముతో కలిసి గట్టి మడ్డిగా మారి రంధ్రములను ఇంకను మూసివేయు ప్రమాదము గలదు. కావున ముందుగా పొలములో వాడదలచిన పాళ్ళలోనే ఒక గాజు సీసాలో బోరు నీటిని, ఆమ్లమును కలిపి ఒక రాత్రి కదపక ఉంచవలెను. తెల్లవారునప్పటికి నీరు తేటగా నున్నచో వాడవచ్చును. తెల్లని మడ్డి దిగినచో వాడరాదు. కాల్షియం నైట్రేటును, భాస్వరపు ఎరువును ఒకే తొట్టిలో కలుపరాదనుటకును కారణమిదియే.

పాడి పశువులకు

కొన్ని పశువులు ఎముకలను, పాతగుడ్డలను, మట్టిని, చెప్పులను నమలుట మనము చూచియున్నాము. దీనిని కొందరు దిష్టియనియు, దుర్గుణమనియు భావింతురు. మేతలో భాస్వరము మొదలగు ఖనిజములు చాలకపోవుట దీనికి ముఖ్య కారణములలో ఒకటి. వట్టి వరిగడ్డిలో భాస్వరము మిక్కిలి తక్కువ. తవుడులో అది సమృద్ధిగా గలదు. భాస్వరము లోపించిన ఆవులు, గేదెలు సకాలమున ఎదకు రావు; పాలు తగ్గును; ఎముకలు బలహీనపడును. భాస్వరికామ్లమును సున్నముతో కలిపి తయారుచేసిన డైకాల్షియం ఫాస్ఫేటు ఖనిజ మిశ్రమములలో ముఖ్యభాగము. పాలిచ్చు పశువునకు దినమునకు సుమారు 50 గ్రాముల ఖనిజ మిశ్రమమును దాణాలో కలిపి పెట్టవలెను.

ఎరువు బస్తాలోని సూపరు ఫాస్ఫేటును గాని, డి.ఎ.పి.ని గాని పశువులకు ఎట్టి పరిస్థితులలోను పెట్టరాదు. రాతి నుండి వచ్చిన ఫ్లోరిను అందుండుటచేత పండ్లు, ఎముకలు చెడిపోవును. ఖాళీ ఎరువు సంచులను నీటి తొట్లలో జాడించుటయు ప్రమాదకరమే. చేపల చెరువులలో నాచు, సూక్ష్మజీవులు పెరిగి చేపలకు మేతయగుటకు కొద్ది మోతాదున భాస్వరపు ఎరువు వేయుట గలదు. ఆ గుణమే త్రాగునీటి చెరువునకు శత్రువగును. పొలముల నుండి కొట్టుకొనివచ్చిన భాస్వరము, బట్టల సబ్బుపొళ్ళ నురుగు, మురుగునీరు చేరిన చెరువున గుర్రపుడెక్కయు, పచ్చని నాచును విజృంభించి, అవి కుళ్ళి, నీటిలోని ప్రాణవాయువు తరిగి, చేపలు చచ్చును. గట్లు కాపాడి పొలపు మట్టి కొట్టుకొనిపోకుండ చూచుట ఇందుకు మొదటి మందు.

ఇంటను, వీధిలోను

ఇనుప తలుపులకు, ట్రాక్టరు తొట్లకు రంగు వేయుటకు ముందు పనివారు పూయు తుప్పు మందులలో తరచుగా భాస్వరికామ్లముండును. ఇది తుప్పుతో కలిసి ఇనుపభాస్వరపు పొరగా మారి లోహమునకు అంటుకొనును. ఆ పొరపై రంగు గట్టిగా పట్టును. తుప్పు మరల త్వరగా రాదు. ముందుగా ఊడివచ్చు తుప్పును బ్రష్షుతో గీకివేసి, మందు పూసి, ఆరిన పిమ్మట మిగిలిన దానిని తుడిచి రంగు వేయవలెను.

దంతవైద్యుడు పుచ్చిన పంటిని శుభ్రపరచి, నూటికి 37 పాళ్ళ భాస్వరికామ్లము గల లేపనమును కొద్ది క్షణములు అద్ది కడిగివేయును. పంటిపై పొర సూక్ష్మముగా గరుకుబారి, పైన పెట్టు సిమెంటు గట్టిగా పట్టుకొనును.

చక్కెర కర్మాగారములలో చెరకురసమున సహజముగా నుండు భాస్వరము చాలనపుడు ఈ ఆమ్లమును కొద్దిగా చేర్చుదురు. అది సున్నముతో కలిసి మడ్డిగా దిగుచు రసములోని మలినములను తనతో తీసికొనిపోవును. కార్యాలయములలో, బడులలో గోడకు తగిలించిన మంటలార్పు ఎర్రని గొట్టములలో పెక్కింటియందలి పొడి గూడ ఈ ఆమ్లము, అమ్మోనియా కలిసి ఏర్పడిన లవణమే. అది వేడికి కరగి మండు వస్తువుపై పొరవలె కప్పుకొని గాలిని అడ్డగించును.

నల్లని కోలా పానీయములకు పులుపు నిచ్చునది ఈ ఆమ్లమే. సీసా చీటిపై 338 అను అంకె కనిపించినచో అది భాస్వరికామ్లమని తెలియవలెను. ఆహారమున మితముగా వాడుటకు చట్టము దీనిని అనుమతించుచున్నది. కాని ఆ పులుపు పంటిపై పొరను కరగించునంతటిది. చక్కెరయు తోడైనపుడు పండ్లు మరింత చెడును. పైరునకును, పంటి వైద్యమునకును మేలుచేయు ఆమ్లమును పిల్లలు దినదినము పండ్ల నడుమ పుక్కిలించుట మంచిది కాదు. మజ్జిగ, కొబ్బరినీరు, నిమ్మరసము మన ఇంటనే గలవు. మజ్జిగలో ఎముకకు కావలసిన సున్నము, భాస్వరము రెండును ఉన్నవి.

జాగ్రత్తలు

ఆమ్లమును వాడువారు ఈ క్రింది విషయములను గుర్తుంచుకొనవలెను.

1. ఆమ్లమును నీటిలో కొద్దికొద్దిగా పోయవలెను. ఆమ్లములో నీరు పోయరాదు. పోసినచో వేడెక్కి ముఖముపై చిందును.

2. చేతులకు రబ్బరు తొడుగులు, కండ్లకు అద్దములు ధరించవలెను.

3. ఇనుప, అల్యూమినియం పాత్రలలో నిల్వచేయరాదు. ఆమ్లము లోహమును తినివేయును. మండు వాయువు పుట్టును. ప్లాస్టిక్ డబ్బాలలోనే ఉంచి పేరు వ్రాసి అంటింపవలెను.

4. మంచినీటి సీసాలలోను, శీతల పానీయపు సీసాలలోను ఎన్నడును పోసియుంచరాదు. పిల్లలకు అందని చోట తాళము వేసి ఉంచవలెను.

5. బ్లీచింగు పొడితో కలుపరాదు. ప్రాణాపాయకరమైన క్లోరిను వాయువు వెలువడును.

6. చర్మముపై గాని, కంటిలో గాని పడినచో వెంటనే ధారాళమైన మంచినీటితో కనీసము 15 నిమిషములు కడిగి వైద్యుని వద్దకు పోవలెను. పొరపాటున మ్రింగినచో బలవంతముగా వాంతి చేయింపరాదు. నోరు కడిగించి తక్షణము ఆసుపత్రికి చేర్చవలెను.

మన కర్తవ్యము

నత్రజని గాలిలో అంతులేనంత గలదు. దానిని కర్మాగారములు తీయగలవు. పప్పుధాన్యపు పైరుల వేళ్ళయందలి బుడిపెలును తీయగలవు. భాస్వరమునకు అట్టి మార్గము లేదు. అది రాతి నుండి రావలెను. లేదా మనము వాడిన దానినే మరల నేలకు చేర్చవలెను. ఆ రాయియో సముద్రములు దాటి వచ్చుచున్నది. దానికై ప్రభుత్వము విదేశీ ధనమును, రాయితీని భరించుచున్నది. రైతు తన చెమటను చెల్లించుచున్నాడు. కావున పశువుల పేడను, ఇంటి చెత్తను, పంట మోళ్ళను కాల్చివేయక నేలకు చేర్చుట, పరీక్ష చేయించి కావలసినంతయే వేయుట, వేసినది కొట్టుకొనిపోకుండ గట్లు కాపాడుట మనందరి కర్తవ్యము.

ఈ వేసవిలో ప్రతి రైతును తన పొలపు మట్టిని ఒకసారి పరీక్ష చేయించుకొనవలెనని కోరుచున్నాము. చదువుకొన్న యువకులు పై బస్తా లెక్కను పంచాయతీ కార్యాలయపు నల్లబల్లపై వ్రాసి, చదువురాని పెద్దలకు వివరించినచో గ్రామమునకు ఎంతో ఉపకారము చేసినవారగుదురు.